నాలుగు వేల బస్తాల గాలి

మార్చి 2

ఒకటో అంతస్తు 6. రెండు 7. మూడు 9. నాలుగు 12. అయిదు 14.

ఇన్నాళ్లూ ఈ పుస్తకంలో అంకెలే రాశాను. నేల కింద తొలిచిన మాళిగల్లో పదిహేడోదానికి గాలి మనిషిని నేను. పేరు ఓబుళమ్మ. పొద్దున్నే ఫ్యాను ఆపి, జాలీలు విప్పి, దుమ్ము కడిగి, మళ్లీ బిగించి, అయిదంతస్తులూ దిగి మీటరు పట్టి చూడటం నా పని. మీటరు పది దాటితే తల నొస్తుంది. ఇరవై దాటితే మత్తు కమ్ముతుంది. నలభై దాటిన చోట పడుకున్న మనిషి లేవడు. పనిలో చేరిన రోజున ఇంతే నేర్పారు.

మా అంతస్తుల లెక్క కిందికి. ఒకటోది పైన, అయిదోది అడుగున. మనం వదిలిన గాలి బరువు. అడుక్కి దిగుతుంది.

నిరుడు ఇదే రోజున అయిదో అంతస్తులో 9 ఉంది. పుస్తకం వెనక్కి తిప్పి చూశాను. జాలీల్లో తప్పు లేదు, ఫ్యాను రెక్కలు బాగున్నాయి. ఆ తర్వాత ఎండాకాలంలో మునిసిపాలిటీ వాళ్లు మరో అరవై మందిని తెచ్చి అడుగు అంతస్తుల్లో సర్దారు. ఇప్పుడు రెండు వందల పన్నెండు మందిమి. వార్డు ఇంజినీరుకు మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ ఒకటే జవాబు: "మీ మాళిగకు అనుమతి పత్రంలో ఉన్నంత గాలి అందుతోంది."

ఆ పత్రం మాలో ఎవరూ చూడలేదు. చూడాలి. అందుకే ఇవాళ్టి నుంచి అంకెల పక్కన మాటలు కూడా రాస్తాను.

మార్చి 3

అయిదు 15.

అడుగు అంతస్తులో చివరి ఇల్లు చెన్నకేశవులుది. పైన ఎండలో పనికి పోయేవాళ్లకు నిలువుటంగీలు కుడతాడు. కళ్లు తప్ప ఒళ్లంతా కప్పే తెల్ల అంగీలు. మీటరు పట్టుకుని వెళ్లేసరికి కుట్టిన అంగీని మళ్లీ విప్పుతున్నాడు.

"కుట్టు వంకర పోతాంది వదినా. ముప్పై ఏండ్లలో ఎప్పుడూ పోలేదు. పొద్దున లేస్తానే తల దిమ్ముగా ఉంటాది. సూదిలో దారం ఎక్కదు."

"కళ్లద్దాలు మార్చుకుంటే?"

"ఈమెకూ అట్లే ఉండాదే," అని భార్య సుంకులమ్మను చూపించాడు. ఆమె పొయ్యి దగ్గర తల పట్టుకుని కూర్చుని ఉంది. చెన్నకేశవులు తల్లి తిమ్మక్క అవ్వ మంచం మీద పడుకుని ఉంది. అవ్వకు కాళ్లు పడిపోయి నాలుగేళ్లయింది. చెవులు వినపడవు, కళ్లకు పొర కమ్మింది. ఎవరు వచ్చినా చెయ్యి చాపుతుంది. పట్టుకున్నాను. అరచెయ్యి చెమటగా ఉంది.

మార్చి 5

మునిసిపల్ ఆఫీసు కూడా నేల కిందే, సొరంగం దారిలో. అక్కడ రికార్డుల కిటికీ దగ్గర గిడ్డయ్య సార్ ఉంటారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. కిటికీ వెనక గోడంత యంత్రం. నగరంలోని కట్టడాల కాగితాలన్నీ దాని లోపల ఉన్నాయి. మనుషులు దాన్ని తెరవకూడదు. అర్జీ లోపలికి వేస్తే ఏడెనిమిది రోజులకు జవాబు బయటికొస్తుంది.

"పదిహేడో మాళిగ కట్టినప్పటి కాగితాలన్నీ కావాలి" అని రాసి ఇచ్చాను. ఆయన చదివి వెనక్కి తోశారు.

"అన్నీ అని రాస్తే వాపసు వస్తాదమ్మా. కాగితం పేరు రాయల్ల."

"చూడని కాగితం పేరు నాకెట్ల తెలుస్తాది సార్?"

ఆయన అటూ ఇటూ చూసి, కొంచెం గొంతు తగ్గించారు. "మూడు రాసుకో. కట్టడం అనుమతి. గాలి కేటాయింపు పత్రం. వాడుక మార్పిడి అనుమతి. ఇది ఎదికి పెట్టే యంత్రం కాదు. పేరు చెప్తే ఇస్తాది, లేకపోతే లేదు."

మూడు పేర్లూ రాసి ఇచ్చాను. వేలిముద్ర తీసుకున్నారు. నా వెనక పదిమంది నిలబడి ఉన్నారు. వాళ్లలో ముగ్గురి చేతుల్లో "అన్నీ" అని రాసిన అర్జీలే ఉన్నాయి.

మార్చి 12

నాలుగు 14. అయిదు 17.

జవాబు వచ్చింది. ఒకే వాక్యం. "పదిహేడో మాళిగ అనే పేరుతో ఏ కట్టడమూ నమోదు కాలేదు."

ఆ పేరు మా గుమ్మం మీద మునిసిపాలిటీ వాళ్లే రంగుతో రాశారు. గిడ్డయ్య సార్‌తో అదే అన్నాను.

"ఎండల ఏడు నీకు గ్యాపకం ఉండాది కదమ్మా. పైన జనం పిట్టల్లాగ రాలిపోతాంటే లోపలికి తోలినారు. యాడ బొక్క ఉంటే ఆడ పెట్టినారు. పేర్లు ఆనక పెట్టుకున్నారు. యంత్రానికి ఆ పేర్లు తెల్దు."

"మరెట్ల?"

"గాలిబావి అడుగున రాతి మీద నంబరు చెక్కి ఉంటాది. మాళిగల పేర్లు మారినాయి కానీ బావులు మారలేదు. ఆ నంబరు పట్టుకునిరా."

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. మద్దిలేటి రాతి పనివాడు. ఈ నగరం తొలిచినవాళ్లలో ఒకడు. అన్నం ముద్ద కలుపుతూ విన్నాడు.

"ఇడిసిపెట్టు. ఆ బావి లోపల పాకుడు. జారితే ఎముకలు కూడా దొరకవు," అన్నాడు.

మార్చి 14

గాలిబావిలోకి పైగాలి తోసే ఫ్యాను ఇరవై నిమిషాలకు మించి ఆపకూడదు. తాడు నడుముకు కట్టుకుని, పాత ఇనుప మెట్లు పట్టుకుని దిగాను. అయిదో అంతస్తు కన్నా ఇంకో రెండు నిలువుల లోతు. అడుగున సున్నం గట్టకట్టి ఉంది. గీకుడుకత్తితో గీకాను. పదమూడు నిమిషాలు గీకితే ఒక అక్షరం కనిపించింది. మీటరు మెడలోనే ఉంది, 26 చూపిస్తోంది. కాళ్లు బరువెక్కాయి. ఇక్కడ కూర్చుంటే బాగుండుననిపించింది. అలా అనిపించడమే ప్రమాదమని నేర్పారు. అరచేత్తో రాయి తుడిచి, చదివి, ఎక్కేశాను.

4-బి.

మార్చి 15

అదే నంబరుతో మళ్లీ అర్జీ ఇచ్చాను.

మార్చి 19

మధ్యాహ్నం రెండు గంటల సేపు కరెంటు సగమే వచ్చింది. ఫ్యాను సగం తిరిగింది. ఇలా నెలకోసారి జరుగుతూనే ఉంటుంది.

మూడున్నరకు సుంకులమ్మ మెట్లెక్కి వచ్చి, "వదినా, ఈయన లేయడం లేదు" అంది. గొంతులో ఏ తేడా లేదు. నిద్రపోయే మనిషిని లేపమన్నట్టే చెప్పింది.

చెన్నకేశవులు మిషను మీద చెంప ఆనించి ఉన్నాడు. సూది కింద అంగీ చెయ్యి ఒకటి ఇంకా ఉంది. పాదం తొక్కుడుపలక మీదే ఉంది. మీటరు 31.

ముందు సుంకులమ్మను, తర్వాత అవ్వను పట్టుకుని లిఫ్టులో మూడో అంతస్తుకు తెచ్చాం. మద్దిలేటీ ఇంకో ఇద్దరూ చెన్నకేశవులును తెచ్చారు. డాక్టరు వచ్చి గుండె ఆగిందని రాసిచ్చాడు. మీటరు అంకె కూడా రాయమన్నాను. ఆ కాగితంలో దానికి గడి లేదన్నాడు.

మా ఆయన ఆ పూట అన్నం తినలేదు. ఇద్దరూ దోస్తులు. ఆదివారాలు కలిసి పేకాడేవాళ్లు.

మార్చి 23

జవాబు వచ్చింది. పదకొండు కాగితాలు.

ఆఫీసు బయట రాతి బల్ల మీద కూర్చుని చదివాను. మొదటిది కట్టడం అనుమతి. పేరు: గోదాము 4-బి. రెండోది గాలి కేటాయింపు పత్రం. అందులో రెండు వరుసలున్నాయి.

"సరుకు: వడ్లు, నాలుగు వేల బస్తాలు.
మనుషులు: ఆరుగురు హమాలీలు, దినానికి ఎనిమిది గంటలు."

నాలుగుసార్లు చదివాను. వడ్లకు పురుగు పట్టకుండా ఎంత గాలి కావాలో, ఆరుగురు హమాలీలు బస్తాలు దించడానికి ఎంత కావాలో, అంతే మాకు వస్తోంది. పత్రంలో ఉన్నంత అందుతోందని ఇంజినీరు రాసింది అబద్ధం కాదు. వాడుక మార్పిడి అనుమతి చోట "దాఖలు కాలేదు" అని ఉంది. మిగతా కాగితాలు గోడల కొలతలు, తలుపుల కొలతలు.

పదకొండోది చిన్న చీటీ. "ఈ పత్రాల నకలు ఇంతకుముందు పొందినవారు: ఒకరు." కింద తేదీ, ఆరేళ్ల కిందటిది. పేరు బోయ మద్దిలేటి. పక్కన వేలిముద్ర. ఆ బొటనవేలు ఉలి దెబ్బకు చీలి, మధ్యలో గీత పడి ఉంటుంది. ముద్రలోనూ ఆ గీత ఉంది.

ఇంటికొచ్చాక కాగితం ఆయన ముందు పెట్టాను. చూడలేదు. చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"తీసుకున్నావా?"

"తీసుకున్నా. ఈ ఇంట్లోకి రాకముందు. 4-బి అని రాతి మీద చెక్కింది నేనే. ఏ బావి దేనిదో నాకు తెల్దా?"

"తెలిసి నన్ను ఇక్కడికి తెచ్చినావు."

"తెలిసే తెచ్చినా." నేలకేసి చూశాడు. "పాప పోయి నలభై దినాలు అప్పటికి. రేకుల కొట్టంలో గోడకల్ల చూస్తా కూచుంటాంటివి. నీళ్లిస్తే తాగుతాంటివి, లేకపోతే లేదు. నువ్వు కూడా పోతావనుకున్నా. గోదామైతేనేమి, నీడ ఉంటే చాలనుకున్నా."

మా నీలవేణి తొమ్మిదేళ్లది. ఎండల ఏడు, మే నెలలో, పట్టపగలు, తడిగుడ్డ కింద పోయింది. ఆ సంగతి మేమిద్దరం ఎత్తుకోం. ఇవాళ ఆయనే ఎత్తాడు. కాగితం మడిచి పక్కన పెట్టి అడిగాను.

"రెండో అంతస్తే ఎందుకు తీసుకున్నావు?"

"అడుగున ఏమైతాదో తెలుసు కాబట్టి."

"ఎవరికైనా చెప్పినావా?"

"చెప్తే అందర్నీ మళ్లీ పైకి తోల్తారు. మనల్ని కూడా." తర్వాత నేనడక్కుండానే అన్నాడు: "చెన్నకేశవులు అడిగినాడు. అయిదో అంతస్తులో ఇస్తామంటాండారు, పోదునా అన్నా, అని. పో, బాగుంటాది అన్నా. అప్పుడు తక్కువమందే కదా, ఏమీ కాదులే అనుకున్నా."

లేచి బయటికి వచ్చాను. ఫ్యాను గదిలో కూర్చున్నాను. అక్కడ శబ్దానికి ఏడ్చినా ఎవరికీ వినపడదు.

మార్చి 24

గిడ్డయ్య సార్‌కు కాగితాలు చూపించాను. ఆయనకు ఆశ్చర్యం కలగలేదు.

"ఇట్లాంటివి ఊర్లో ఎన్ని ఉండాయో నాకూ తెల్దు. అడిగినోళ్లకే బయటపడ్తాది. అడిగేవాళ్లు లేరు."

"ఇప్పుడేం చేయల్ల?"

"వాడుక మార్పిడికి అర్జీ పెట్టు. గోదామును ఇండ్లుగా మార్చమని. ఒప్పుకుంటే గాలి పెంచుతారు, రెండో ఫ్యాను పెడతారు. మూడు నెలలు పడ్తాది." కాగితాలు వెనక్కి ఇచ్చారు. "అయితే అర్జీ పడిన వారంలో తనిఖీకి వస్తారు. మనుషులుండకూడని చోట మనుషులుంటే ఖాళీ చేయిస్తారు. ఎందర్ని, ఎన్నాళ్లు అనేది నా చేతుల్లో లేదమ్మా."

"పెట్టకపోతే?"

"మీటరు నీ చేతిలోనే ఉండాది కదా."

మార్చి 26

నాలుగు 18. అయిదు 21.

ఒకటో అంతస్తులో దస్తగిరి హోటలు ముందు అందర్నీ పిలిచాను. కాగితాలు ఒక్కొక్కటీ చదివాను. ఆరుగురు హమాలీలు అని చదివినప్పుడు ఎవరో నవ్వారు, మళ్లీ ఆపేశారు. పదో కాగితం దాకా చదివి ఆగాను. మా ఆయన వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"అది కూడా చదువు," అన్నాడు.

చదివాను. తేదీ, పేరు. జనం ఒక్కొక్కరే వెనక్కి తిరిగి ఆయన్ని చూశారు.  సుంకులమ్మ లేచి, చీర కొంగు సర్దుకుని, మూడో అంతస్తుకు మెట్లు దిగి వెళ్లిపోయింది.

తర్వాత దస్తగిరి మాట్లాడాడు. "అక్కా, నువ్వు చేసిన పని మంచిదే. కానీ అర్జీ పెడితే మనల్ని పైకి తోల్తారు. ఏప్రిల్ వస్తాంది. తలనొప్పితో బతికేదా, ఎండలో సచ్చేదా, నువ్వే చెప్పు."

"నీకు తలనొప్పి లేదు కదన్నా," అంది నాలుగో అంతస్తు ఆమె ఒకరు. "నువ్వు ఒకటిలో ఉండావు."

"అయితే మీరంతా మా ఇండ్లకు రాండి, సర్దుకుందాం," అన్నారు రెండో అంతస్తు వాళ్లు కొందరు. చెడ్డమాట కాదు. కానీ బావి ఒక్కటే, గాలి అంతే. అందరూ పైన చేరితే పైన అంకె పెరుగుతుంది, నెల రోజులు గడుస్తాయి అంతే. అదే చెప్పాను. అలా చెప్పాక కొందరు తలుపులు వేసుకున్నారు. పదకొండు ఇళ్లవాళ్లు మాత్రం అడుగువాళ్లను రానిచ్చారు. మా ఇంట్లో సుంకులమ్మను ఉండమన్నాను. రానంది.

చేతులెత్తమంటే సగానికి సగం. తేలలేదు.

మార్చి 27

అర్జీ పెట్టాను. ఎవరినీ అడగలేదు. వేలిముద్ర వేసేటప్పుడు గిడ్డయ్య సార్ నా మొహం చూశారు.

ఏప్రిల్ 8

తనిఖీవాళ్లు వచ్చి తలలు లెక్కపెట్టి పోయిన అయిదు రోజులకు ఆర్డరు వచ్చింది.

"గోదాము 4-బి లో అనుమతి లేకుండా ఉంటున్న మనుషుల విషయం" అని మొదలవుతుంది. నాలుగు, అయిదు అంతస్తులు మూడు రోజుల్లో ఖాళీ చేయాలి. తొంభై ఏడుగురు. ఇప్పుడు ఎవరింట్లో తలదాచుకున్నా, ఇల్లు ఆ రెండంతస్తుల్లో ఉన్నవాళ్లందరూ పోవాలి. పైనున్న రేకుల కొట్టాల్లో చోటు ఇస్తారు. మొదటి మూడు అంతస్తులవాళ్లు అర్జీ తేలేదాకా ఉండొచ్చు. మద్దిలేటీ నేనూ ఉండొచ్చు.

ఇంకో వాక్యం కూడా ఉంది. గోదాము లిఫ్టు సరుకులకే నమోదైంది, మనుషులు ఎక్కరాదు. సాయంత్రానికి లిఫ్టు నిజంగానే మానేసింది. మనిషి కాలు పెడితే కదలదు, తీస్తే కదులుతుంది. పరుగెత్తుకుంటూ ఆఫీసుకు వెళ్లాను.

"సార్, కాళ్లు పడిపోయిన అవ్వ ఉంది. సరుకు అని రాయించుకునైనా పంపండి."

"రాసేదానికేముంది. లోపల ఊపిరి తగిలితే ఆగిపోతాదమ్మా, రాసినదాన్ని చూడదు," అన్నారు. కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. "నాకు తెలిసుంటే ముందే చెప్పేవాణ్ని."

నమ్మాను. నమ్మినా ఏం లాభం?

ఏప్రిల్ 11

పొద్దున ఏడింటికి మొదలుపెట్టారు. పైదాకా నాలుగు వందల పన్నెండు మెట్లు. మూటలు లిఫ్టులో పోయాయి, మనుషులు మెట్ల మీద. దస్తగిరి హోటలు ముందు కుండలు పెట్టి, ఎక్కేవాళ్లందరికీ మజ్జిగ పోశాడు. నా గ్లాసు కూడా నింపాడు కానీ మొహం చూడలేదు.

నాలుగో అంతస్తువాళ్లు ఎక్కుతూ నా పక్కనుంచే పోయారు. ఒకామె ఆగి, "ఇంకో నెల ఆగి పెట్టి ఉంటే వానలు దగ్గర పడేవి వదినా," అంది. నెల ఆగితే అయిదో అంతస్తులో ఎంతమంది ఉండేవాళ్లో చెప్పబోయాను. ఆమె చంకలో పిల్ల ఉంది. దారి ఇచ్చాను.

అవ్వను ఎవరు మోస్తారన్నది తేలలేదు. మోసే వయసు మగవాళ్లంతా ఎవరి మనుషుల్ని వాళ్లు మోస్తున్నారు. సుంకులమ్మ అవ్వ పక్కన మెట్టు మీద కూర్చుని ఉంది. అప్పుడు మా ఆయన వచ్చాడు. పదిహేను రోజులుగా మాళిగలో ఆయనతో మాట్లాడిన మనిషి లేడు. నేను కూడా పనిమాటలే మాట్లాడాను. సుంకులమ్మ ముందు నిలబడ్డాడు.

"నేను మోస్తా."

ఆమె తల ఎత్తింది. "నీకు తెలుసు," అంది.

"తెలుసు."

"ఆదివారం ఆదివారం పక్కన కూచుని ఆడినావు."

"ఆడినా."

ఆమె లేచి పక్కకు జరిగింది. ఆయన వంగి అవ్వను వీపుకెత్తుకున్నాడు. తువ్వాలుతో నడుముకు బిగించి కట్టాను. అవ్వ చేతులు మెడ చుట్టూ వేసుకుంది. ఎక్కడికి పోతున్నామో ఆమెకు చెప్పేవాళ్లు లేరు, చెప్పినా వినపడదు. కొడుకు పోయాడని మాత్రం సుంకులమ్మ ఆమె అరచేతిలో చెన్నకేశవులు ఉంగరం పెట్టి చెప్పింది. ఎలా పోయాడో, ఎవరి మాట మీద అడుగు అంతస్తుకు వచ్చాడో చెప్పలేదు.

ఆయన ముందు, సుంకులమ్మ వెనక, ఆమె వెనక నేను. వంద మెట్లకు ఒకసారి ఆగాడు. రెండు వందలకు గోడ పట్టుకున్నాడు. నేను పట్టుకోబోతే వద్దన్నాడు. మూడు వందలు దాటాక వేడి మొదలైంది. గోడ మీద చెయ్యి పెడితే తెలుస్తోంది. ఆపైన మెట్లు తెల్లగా కనిపించాయి, వెలుతురుకు. ఆరేళ్ల తర్వాత నేను పైకి రావడం అదే మొదటిసారి.

తొమ్మిదింటికే పైన నలభై ఆరు డిగ్రీల ఎండ. రేకుల కొట్టాలు వరసగా ఉన్నాయి, పాతవే. మేమున్న కొట్టం ఏదో నాకు తెలుసు. అటు చూడలేదు. ఆయనా చూడలేదు.

సుంకులమ్మకు ఇచ్చిన కొట్టంలో నులకమంచం ఉంది. ఆయన మెల్లగా కూర్చుని, వీపు మీద నుంచి అవ్వను మంచం మీదికి దించాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. లేవబోతే అవ్వ చెయ్యి వదల్లేదు. మొహం తడిమింది, నుదురు, చెవులు, గడ్డం. ఎవరో పోల్చుకోలేక మళ్లీ తడిమింది. తర్వాత రెండు చేతులూ ఆయన తల మీద పెట్టింది.

"ఎవరి బిడ్డవో నాయనా. ఇంత దూరం నన్ను మోసినావు. సల్లగుండు. నీ కడుపున పుట్టినోళ్లు సల్లగుండల్ల."

సుంకులమ్మ గుమ్మం దగ్గర నిలబడి విన్నది. ఆమె ఏమన్నా అంటుందని చూశాను. ఆమె గోనెపట్టా ఒకటి తీసి, నీళ్లలో ముంచి, ఆయన చేతికిచ్చింది.

ఆయన దాన్ని రేకు మీద పరిచాడు. ఇంకోటి ముంచి ఇచ్చింది. అదీ పరిచాడు. నేను కిందికి రావాలి, జాలీలు ఇంకా విప్పలేదు. "పోదాం రా" అన్నాను. ఆయన తల తిప్పకుండా, "నువ్వు పో. ఇది గంటలో ఆరిపోతాది, మళ్లీ తడపల్ల," అన్నాడు.

నాలుగు వందల పన్నెండు మెట్లూ ఒక్కదాన్నే దిగాను.